లేబుల్ కేసు గెలిచాక ఖర్చుల లెక్క: కోర్టు దేన్ని చూస్తుంది, మీరు దేన్ని దాచుకోవాలి

ట్రేడ్‌మార్కు, కాపీరైటు, డిజైను కేసుల్లో తీర్పు చివర ఒక చిన్న ముక్క ఉంటుంది. "ఖర్చులతో డిక్రీ" అనో, "ఖర్చులు లేకుండా" అనో, "ఎవరి ఖర్చులు వారే భరించాలి" అనో రాస్తారు. పలాస జీడిపప్పు ప్యాకెట్ మీది బొమ్మ కోసం పోట్లాడినా, రాజాంలో మసాలా పొడుల పేరు కోసం పోట్లాడినా ఆ ముక్క విలువ లక్షల్లో ఉండొచ్చు. దాన్ని జడ్జిగారి దయ కింద జమకట్టేవాళ్లే ఎక్కువ. విచక్షణ కోర్టుదే, కాదనలేం. కానీ ఆ విచక్షణ నడిచేది ఫైల్లో ఉన్న రశీదుల మీద, రెండు పక్షాలూ రాసుకున్న ఉత్తరాల మీద, వాయిదాల్లో ఎవరెలా నడుచుకున్నారన్న దాని మీద. ఈ మూడూ దావా వేయకముందే మొదలవుతాయి.

ముందు ఏ కోర్టో తేల్చుకోండి

ఖర్చుల నియమం కోర్టును బట్టి మారుతుంది. మామూలు సివిల్ దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ పాత రూపంలోనే వర్తిస్తుంది. వాణిజ్య వివాదం విలువ 3 లక్షలు, అంతకు మించి ఉంటే 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం కిందకి వస్తుంది. మొదట ఈ హద్దు కోటి రూపాయలు, 2018 సవరణతో 3 లక్షలకు దిగింది. ట్రేడ్‌మార్కులు (రిజిస్టరైనవీ కానివీ), కాపీరైటు, పేటెంటు, డిజైను, డొమైన్ పేర్లు, భౌగోళిక గుర్తింపులు అన్నీ ఈ చట్టంలో వాణిజ్య వివాదాలే. ఆ దావాలకు 35వ సెక్షన్‌ని పూర్తిగా మార్చి రాశారు. ఖర్చుల విషయంలో గెలిచినవాళ్లకు ఈ కొత్త రూపమే మేలు.

విశాఖపట్నంలో కమర్షియల్ వివాదాల ప్రత్యేక కోర్టు ఉంది. మీ దావా అక్కడ వేయాలా, శ్రీకాకుళం లేదా విజయనగరం జిల్లా కోర్టులో వేయాలా అన్నది పరిధి నోటిఫికేషన్ చూసి, ఫైలింగ్ సెక్షన్‌లో అడిగి ఖాయం చేసుకోండి. తప్పు కోర్టులో వేస్తే ప్లెయింట్ (వాది వేసే దావా పత్రం) వెనక్కి ఇస్తారు. అప్పటిదాకా అయిన ఖర్చు ఎదుటివాళ్ల నెత్తిన పడదు. కోర్టు ఫీజు మిగులుతుందని ట్రేడ్‌మార్కు విలువను 3 లక్షల లోపు చూపించడం కూడా తెలివైన పని కాదు. పేరున్న బ్రాండుకు రెండు లక్షల విలువ కడితే ఎదుటి వకీలు మొదటి వాయిదాలోనే దాన్ని పట్టుకుంటాడు.

ఊరి ఎంపిక కూడా ఖర్చే. మార్కు రిజిస్టరై ఉంటే ట్రేడ్‌మార్కుల చట్టం 134వ సెక్షన్ ప్రకారం వాది తాను నివసించే చోట, వ్యాపారం చేసే చోట దావా వేసుకోవచ్చు. రిజిస్టర్ కాని లేబుల్ మీద, మా సరుకుగా చూపించి అమ్ముతున్నారని వేసే పాసింగ్ ఆఫ్ దావాకు ఈ వెసులుబాటు లేదు. ప్రతివాది ఉన్న చోటికో, అమ్మకం జరిగిన చోటికో పోవాలి. కాశీబుగ్గ వ్యాపారి చెన్నైలో కేసు నడపాల్సి వస్తే సాక్షుల ప్రయాణ ఖర్చే మూడింతలు అవుతుంది. వ్యక్తులకు, చిన్న సంస్థలకు మార్కు రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు ఒక్కో సరుకుల వర్గానికి 4,500 రూపాయలు. అది ముందే కట్టుకున్నవాళ్లు తరవాత ఇక్కడ చాలా మిగుల్చుకుంటారు.

బొబ్బిలి వీణ, బుడితి ఇత్తడి సామాను లాంటి భౌగోళిక గుర్తింపు సరుకు విషయంలో ఒక జాగ్రత్త. ఆ ఊళ్లో తయారుచేస్తున్నంత మాత్రాన దావా వేసే హక్కు రాదు. రిజిస్టరైన యజమాని సంఘమైనా, అధీకృత వినియోగదారుగా పేరు నమోదైన కళాకారుడైనా కావాలి. ఆ నమోదు లేకుండా వేస్తే, నకలు కళ్లెదుటే ఉన్నా కేసు కొట్టేసి ఖర్చులు మీ మీదే వేయొచ్చు.

కమర్షియల్ దావాలో కోర్టు చూసేవి

సాధారణ సూత్రం ఓడినవాళ్లు గెలిచినవాళ్ల ఖర్చులు ఇవ్వాలన్నదే. దాన్నుంచి పక్కకు జరిగితే కోర్టు కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. ఎంత, ఎప్పుడు అన్నది తేల్చేటప్పుడు ఇవి చూడమని కొత్త 35వ సెక్షన్ చెబుతుంది: పక్షాల ప్రవర్తన, కేసులో కొంత భాగమే గెలిచారా, పసలేని కౌంటర్ క్లెయిం (వాదిపై ప్రతివాది వేసే ఎదురు దావా) వేసి ఆలస్యం చేశారా, సబబైన రాజీ ప్రతిపాదన వస్తే అకారణంగా తోసిపుచ్చారా, కోర్టు సమయం వృథా చేసే పసలేని దావా వేశారా.

పూర్తిగా గెలిచినా ఖర్చులు కట్టాల్సి రావచ్చు. సెక్షన్‌లోనే ఇందుకు ఉదాహరణ ఇచ్చారు. ఒప్పందం ఉల్లంఘించారని డబ్బుకు దావా వేసి, దానికి తోడు నష్టపరిహారం కూడా అడిగారు. అసలు డబ్బుకు డిక్రీ వచ్చింది, నష్టపరిహారం మాత్రం పసలేనిదని తేలింది. అప్పుడు గెలిచిన వాదిపైనే ఖర్చులు వేయవచ్చు. లేబుల్ కేసుల్లో దీన్ని గుర్తుంచుకోండి. ఇంజంక్షన్ (వాడకం ఆపమనే కోర్టు ఉత్తర్వు) గెలవడం ఒక పని, పాతిక లక్షల నష్టం జరిగిందని రుజువు చేయడం వేరే పని. అమ్మకాల పుస్తకాలు, జీఎస్టీ రిటర్నులు లేకుండా ప్లెయింట్‌లో పెద్ద అంకె వేసుకోవడం ఖర్చుల దగ్గర ఎదురు తిరుగుతుంది.

కోర్టు ఇచ్చే ఆర్డరు పలు రకాలుగా ఉండొచ్చు. ఖర్చుల్లో ఇంత వాటా అనొచ్చు, ఫలానా మొత్తం అనొచ్చు, ఫలానా తేదీ నుంచి లేదా ఫలానా తేదీ వరకు అనొచ్చు, ఒక అంశానికే పరిమితం చేయొచ్చు. దావాకు ముందు అయిన ఖర్చు ఇప్పించవచ్చు, ఖర్చుల మీద వడ్డీ కూడా వేయవచ్చు. మెమోలో (కోర్టుకు ఇచ్చే రాతపూర్వక విన్నపంలో) "ఖర్చులు ఇప్పించగలరు" అని ఊరికే రాయకుండా వీటిలో మీకు ఏది కావాలో పేరు పెట్టి అడగండి.

మామూలు సివిల్ దావాలో సంగతి ఇలా ఉండదు. వకీలు ఫీజు కింద మీరు ఇచ్చినంత రాదు, హైకోర్టు ఫీజు నియమాల పట్టిక ప్రకారమే వస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఏ సెక్షన్ కింద అబద్ధపు, వేధింపు దావాకు ఇచ్చే పరిహారం పరిమితి ఇప్పటికీ 3,000 రూపాయలే! కమర్షియల్ దావాలకు ఆ పరిమితిని ఎత్తేశారు. ఖర్చులు వాస్తవానికి దగ్గరగా ఉండాలని సుప్రీంకోర్టు 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది, 2021లో యూఫ్లెక్స్ కేసులో మరింత గట్టిగా చెప్పింది. ఖర్చులు అడిగే మెమోలో ఈ రెండు తీర్పులూ ఉండాలి.

కాపీరైటు కేసుల్లో 55వ సెక్షన్ ఖర్చులను కోర్టు విచక్షణకే వదిలింది. కమర్షియల్ కోర్టులో ఆ విచక్షణను పై సూత్రాలతో కలిపి వాడమని అడగొచ్చు.

ఏవి ఖర్చు, వేటికి కాగితం

కమర్షియల్ దావాలో "ఖర్చులు" అంటే సాక్షుల ఫీజులు, బత్తాలు, వకీలు ఫీజు, దానికి తోడు కేసు కోసం సబబుగా అయిన ఇతర ఖర్చులు. వీటికి తోడు సివిల్ ప్రొసీజర్ కోడ్ 20ఏ ఆర్డర్‌లో కొన్ని పేరు పెట్టి రాశారు: దావాకు ముందు ఇచ్చిన నోటీసు, ప్లీడింగ్స్ (రెండు పక్షాలూ వేసే వాద పత్రాలు) టైపు, ప్రింటు, రికార్డుల తనిఖీ, కోర్టు సమన్లు లేకుండా మీరే తెచ్చుకున్న సాక్షుల ఖర్చు, అప్పీల్లో అయితే తీర్పు, డిక్రీ నకళ్లు. ఇవి అడగడం గుమాస్తాలు తరచూ మర్చిపోతారు.

ఫైలు ఇలా పెట్టండి. ఒక ప్లాస్టిక్ ఫోల్డరు, దానిలో తేదీల వరుసలో కాగితాలు, పైన ఒక పేజీ పట్టిక: తేదీ, దేనికి, ఎవరికి, ఎంత, రశీదు నంబరు. పెట్టాల్సినవి:

నోటీసు ఇచ్చిన వకీలు బిల్లు, స్పీడ్ పోస్టు రశీదు, డెలివరీ ట్రాక్ ప్రింటు.

నకిలీ ప్యాకెట్లు కొన్న బిల్లు. షాపు పేరు, తేదీ ఉన్న బిల్లే తీసుకోండి. చిత్తు కాగితం మీద రాసిచ్చింది పనికిరాదు. ప్యాకెట్ విప్పకండి, సీలుతోనే దాచండి. అది సాక్ష్యం కూడా.

వెబ్‌సైటు, వాట్సాప్ కేటలాగ్ స్క్రీన్‌షాట్లకు ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ (ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద). అది లేకపోతే సాక్ష్యమూ పోతుంది, దానికి పెట్టిన ఖర్చూ పోతుంది.

కోర్టు ఫీజు చలానా, ప్రాసెస్ ఫీజు, కమిషనర్‌కు (తనిఖీకి, సరుకు స్వాధీనానికి కోర్టు పంపే మనిషి) డిపాజిట్ చేసిన డబ్బు రశీదు.

వకీలు ఫీజుకు బ్యాంకు ద్వారా చెల్లింపు, దానికి రశీదు. నగదు ఇచ్చి రశీదు తీసుకోకపోతే ఆ డబ్బు కోర్టు కళ్లకు కనిపించదు. అసలు డబ్బు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఫీజు అందుకున్నానని వకీలు సంతకం చేసి ఇచ్చే ఫీ సర్టిఫికెట్‌ను వాదనలు ముగిసేలోపు దాఖలు చేయించండి. తీర్పు వచ్చాక పరిగెత్తితే డిక్రీలో ఆ గడి ఖాళీగా ఉంటుంది.

ప్లెయింట్‌లో ఖర్చుల ప్రార్థన ఉందో లేదో సంతకం పెట్టేముందే చూసుకోండి.

లెక్క ఎలా తిరుగుతుందో

ఒక ఊహాజనిత కేసు తీసుకుందాం. పలాసలోని ఒక ప్యాకింగ్ యూనిట్ తన రిజిస్టర్డ్ లేబుల్‌కు నకలు వాడుతున్న వ్యాపారిపై 5 లక్షల విలువతో దావా వేసింది. తక్షణ ఇంజంక్షన్, సరుకు స్వాధీనానికి కమిషనర్ కావాలని అడిగింది. ఖర్చులు: నోటీసు 6,000, నమూనా ప్యాకెట్లు 2,400, కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు కలిపి 14,000, కమిషనర్ 20,000, సాక్షుల రాకపోకలు 8,600, వకీలుకు 1,50,000. మొత్తం 2,01,000.

వకీలు ఫీజులో రశీదు 90,000కే ఉంది. అంటే కోర్టు ముందున్న లెక్క 1,41,000. తీర్పులో శాశ్వత ఇంజంక్షన్ వచ్చింది, పుస్తకాలు దాఖలు చేయనందున నష్టపరిహారం తోసేశారు. కొంత భాగమే గెలిచారు కనుక మూడింట రెండు వంతుల ఖర్చులు అన్నారనుకోండి: 94,000. ఖర్చుపెట్టిన దాంట్లో సగం కూడా కాదు. రశీదు లేని 60,000 ఉంటే ఇదే నిష్పత్తిలో ఇంకో 40,000 వచ్చేది. నష్టపరిహారం అడగకపోయినా, లేదా పుస్తకాలతో అడిగినా 1,41,000 మొత్తం అడిగే వాదన నిలబడేది. ఈ అంకెలు నమూనావే, మీ కేసులో నిష్పత్తి వేరుగా ఉంటుంది. డబ్బు ఎక్కడ కారిపోతుందో మాత్రం ఇలాగే ఉంటుంది.

రాజీ ఉత్తరం

చవకగా వచ్చే ఆయుధం ఇదే, అయినా దీన్ని వాడేవాళ్లు తక్కువ. సబబైన రాజీని తోసిపుచ్చినవాళ్ల ప్రవర్తన ఖర్చుల దగ్గర లెక్కకు వస్తుంది కదా. కాబట్టి నోటీసులోనే, లేదా జవాబులోనే, ప్రతిపాదన స్పష్టంగా రాయండి: ఫలానా తేదీ నుంచి ఈ లేబుల్ ఆపేస్తాం, మిగిలిన రేపర్లు ఇన్ని కిలోలు మీ మనిషి ముందు నాశనం చేస్తాం, ఇంత ఖర్చు ఇస్తాం, జవాబుకు 15 రోజులు. తేదీ, అంకె, గడువు లేని "కూర్చుని మాట్లాడుకుందాం" ఉత్తరానికి విలువ లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. సాక్ష్యంగా వాడకూడదన్న షరతుతో రాసిన ఉత్తరాన్ని తరవాత కోర్టుకు చూపలేరు. అందుకే చివర ఇలాంటి వాక్యం చేర్చండి: "ఈ ప్రతిపాదన మా హక్కులకు భంగం లేకుండా చేస్తున్నది. వివాదం గుణదోషాలపై దీన్ని సాక్ష్యంగా వాడరాదు. అయితే ఖర్చుల ప్రశ్న వచ్చినప్పుడు దీన్ని కోర్టు ముందు ఉంచే హక్కు మాకు ఉంటుంది." ఒప్పుకోలుగా ఎదుటివాళ్లు వాడుకోలేరు, ఖర్చుల రోజున మాత్రం మీరు తీసి చూపించవచ్చు.

తక్షణ ఊరట అడగని కమర్షియల్ దావాకు ముందు కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ మధ్యవర్తిత్వం తప్పనిసరి. 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. దరఖాస్తు న్యాయసేవల సంస్థకు పెట్టాలి, ఫీజు 1,000 రూపాయలు. ఎదుటిపక్షం ఒప్పుకుని కూర్చుంటే, 3 నుంచి 10 లక్షల వివాదానికి మధ్యవర్తి ఫీజు 15,000, ఇద్దరూ చెరి సగం. వాళ్లు రాకపోతే విఫల నివేదిక ఇస్తారు. దాన్ని ప్లెయింట్‌తో జతచేయండి. అక్కడ మాట్లాడుకున్న మాటలు గోప్యం, ఖర్చుల వాదనలో వాటిని ఎత్తకూడదు. చూపించాలనుకున్న ప్రతిపాదనను విడిగా ఉత్తరంగా పంపండి. తక్షణ ఊరట అవసరం లేకపోయినా మధ్యవర్తిత్వం తప్పించుకోవడానికి ఇంజంక్షన్ ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేసేవాళ్లున్నారు. ఆ ఎత్తు బయటపడితే ప్లెయింటే తిరస్కరించవచ్చు.

మధ్యలో పడే ఖర్చులు

వాయిదా ఖర్చులను చివరి ఖర్చులతో కలపకండి. ఆలస్యం చేసినందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 35బీ సెక్షన్ కింద వేసిన ఖర్చు తదుపరి మెట్టుకు షరతు. కట్టేవరకు ఆ పక్షం తన దావానో వాదననో ముందుకు నడపలేదు. ఇది డిక్రీ ఖర్చుల్లో కలవదు, విడిగా లెక్క. కాబట్టి ఎదుటివాళ్లు 2,000 కట్టకుండా తరువాతి వాయిదాకు వస్తే మీ వకీలు వెంటనే లేచి చెప్పాలి. చూసీ చూడనట్టు ఊరుకుంటే ఆ హక్కు చల్లబడిపోతుంది.

కమర్షియల్ దావాలో రాతపూర్వక జవాబుకు సమన్లు అందినప్పటి నుంచి 30 రోజులు. కారణం చెప్పి, ఖర్చులు కట్టి, 120వ రోజు దాకా. ఆ తరవాత తలుపు మూసుకున్నట్టే. 2019లో ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కేస్ మేనేజ్‌మెంట్ తేదీలను (దావా ఏ దశ ఎప్పుడో కోర్టు ముందే వేసే గడువులను) పాటించకపోయినా ఖర్చులు పడతాయి.

సరిపడని కారణాలతో ఇంజంక్షన్ తెచ్చుకుని అవతలివాళ్ల దుకాణం ఆపించినా ప్రమాదమే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 95వ సెక్షన్ కింద ప్రతివాది 50,000 దాకా పరిహారం అడగొచ్చు. సంక్రాంతి ముందు సరుకు ఆపించి ఎదుటివాడిని దెబ్బతీద్దామనుకునేవాళ్లు ఈ సెక్షన్ చదువుకుంటే మంచిది.

మీరు ప్రతివాది అయితే

రాజాంలోనో చీపురుపల్లిలోనో కిరాణా కొట్టు పెట్టుకుని, సరఫరాదారు ఇచ్చిన ప్యాకెట్ అమ్మినందుకు సమన్లు అందుకున్నవాళ్లకు మొదటి పది రోజులే కీలకం. అమ్మకం ఆపండి, మిగిలిన ప్యాకెట్లు లెక్కపెట్టి పక్కన పెట్టండి, కొన్న బిల్లు జెరాక్స్‌తో వాదికి జవాబు ఇవ్వండి, ఇకపై అమ్మనని రాతపూర్వక హామీ ఇవ్వండి. ఆ హామీనే కోర్టులోనూ వేసి, ఆ మేరకు కేసు ముగించమని అడగండి. అప్పటినుంచి వాది దావాను పొడిగిస్తే, ఆ తేదీ తరవాతి ఖర్చులు మీ మీద వేయవద్దని అడగడానికి గట్టి ఆధారం ఉంటుంది. ఏమీ తెలియక అమ్మినట్టు తేలితే ట్రేడ్‌మార్కు చట్టం 135వ సెక్షన్ కింద నష్టపరిహారం నుంచి కూడా రక్షణ దొరకొచ్చు. నోటీసు అందుకుని కూడా అమ్మితే ఆ రక్షణ పోతుంది.

చెల్లుబాటు సర్టిఫికెట్

దీన్ని అడిగేవాళ్లు బహు తక్కువ. ట్రేడ్‌మార్కు రద్దు కోసం ఎదుటివాళ్లు హైకోర్టుకు పోయి, పోటాపోటీగా వాదించి ఓడిపోయారనుకోండి. అప్పుడు మీ రిజిస్ట్రేషన్ చెల్లుతుందని ట్రేడ్‌మార్కుల చట్టం 141వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడగండి. తరవాత ఎప్పుడైనా అదే చెల్లుబాటును ఎవరైనా సవాలు చేసి ఓడితే, వకీలుకు మీరు ఇచ్చిన లెక్కన పూర్తి ఖర్చులకు మీరు హక్కుదారులవుతారు. కాదనాలంటే కోర్టు తగిన కారణం చెప్పాలి. పేటెంట్లకు 113వ సెక్షన్‌లో ఇలాంటిదే ఉంది. ఆ రోజు మెమోలో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.

తీర్పు వెలువడ్డాక

తీర్పు చదవగానే ఖర్చుల వాక్యం ఎలా ఉందో నోట్ చేసుకోండి. డిక్రీని (తీర్పు ఫలితాన్ని అమలుకు వీలుగా రాసే పత్రం) తీర్పు నుంచి 15 రోజుల్లో రాయాలి. దానిలో ఖర్చుల మెమో పట్టిక ఉంటుంది: ప్లెయింట్ స్టాంపు, వకాలత్, ప్రాసెస్, సాక్షుల బత్తా, కమిషనర్ ఫీజు, వకీలు ఫీజు. మీ ఒక పేజీ పట్టికతో గడి గడినీ సరిచూడండి. తీర్పు "ఖర్చులతో" అని ఉండి డిక్రీలో అంకె పడకపోతే అది రాత పొరపాటు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద దిద్దించవచ్చు. తీర్పే ఖర్చుల గురించి మౌనంగా ఉంటే దిద్దుబాటుతో తేలదు, రివ్యూకో అప్పీలుకో పోవాలి. ఖర్చుల మీద మాత్రమే అప్పీలంటే కోర్టులు సుముఖంగా ఉండవు. అంకె తక్కువైందన్న వాదన సాగదు. కారణాలు రాయకుండా సూత్రాన్ని పక్కనపెట్టారనో, రాజీ ఉత్తరాన్ని అసలు చూడలేదనో చూపించాలి.

కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. రాజీ పత్రంలో "ఎవరి ఖర్చులు వారివే" అని రాసుకున్నా ఆ వాపసుకు అడ్డు కాదు. దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోండి.

ఓడినవాళ్లు కట్టకపోతే ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయాలి. డిక్రీలోని ఖర్చులు మామూలు డబ్బు డిక్రీలాగే వసూలవుతాయి: బ్యాంకు ఖాతా అటాచ్‌మెంట్, సరుకు జప్తు, వ్యాపారికి ఇతరుల నుంచి రావాల్సిన బాకీల మీద ఆర్డరు. ఈపీకి 12 ఏళ్ల గడువు ఉన్నా, నకిలీ లేబుల్ వ్యాపారం పేరు మార్చుకోవడానికి ఆరు నెలలు చాలు. నోటీసు దశలోనే వాళ్ల జీఎస్టీ నంబరు, బిల్లు మీది బ్యాంకు ఖాతా, గోడౌన్ చిరునామా రాసిపెట్టుకుంటే ఈపీ షెడ్యూలు నింపడం తేలిక. వాళ్లు అప్పీలు వేశారన్నంత మాత్రాన వసూలు ఆగదు, స్టే ఆర్డరు చూపించాలి. కమర్షియల్ అప్పీలుకు గడువు 60 రోజులు. సర్టిఫైడ్ నకలు తయారవడానికి పట్టిన రోజులు అందులోంచి మినహాయింపు, అందుకే నకలు దరఖాస్తు తీర్పు వచ్చిన రోజే పెట్టండి.